పేరు పెట్టి పిలవలేని కుక్క

మొగుడి పేరు నోటితో పలకని రోజులవి. ఇప్పుడు మా కోడలు మావాణ్ని పేరు పెట్టి పిలవడమే కాదు, కోపం వస్తే ఆ పేరును సగానికి విరిచి కూడా పిలుస్తుంది. నాకేమీ అనిపించదని చెబితే అబద్ధం, కొంచెం కుళ్లుగానే ఉంటుంది. మా కాలంలో మొగుణ్ని పిలవాలంటే "ఇగో" అనాలి. వినపడకపోతే "ఇగో, నిన్నే" అనాలి. అప్పటికీ వినపడకపోతే ఏదో ఒక గిన్నె కింద పడేయాలి. పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ మరీ మరీ చెప్పి పంపింది. (నా పేరు ఆయన రోజుకు వందసార్లు పలికేవారు. డెబ్బై దాటాను, నా ఆయుష్షుకేమీ కాలేదు.) ఊళ్లో ఆడవాళ్లందరూ ఈ కట్టుబాటుతో హాయిగానే నెట్టుకొచ్చారు. చిక్కు వచ్చింది నాకొక్కదానికే. మా అత్తగారింట్లో మా ఆయనకూ, కుక్కకూ ఒకటే పేరు మరి.

తెలంగాణ కోసం బళ్లు మూతపడ్డ ఏడాది నా చదువు ఆగింది. అది మళ్లీ మొదలయ్యేలోపు సంబంధాలు చూడడం మొదలైంది. మూడేళ్లకు నర్సింహులపేట నుంచి రఘునాథపల్లికి కోడలిగా వచ్చాను. నాకంటే ఏడాది ముందే ఆ ఇంటికి కుక్క వచ్చింది. కాజీపేటలో ఒక రైల్వే ఆఫీసరు ముచ్చటపడి పెంచుకున్న అల్సేషియన్. ఆయనకు బదిలీ అయి, ఎవరికివ్వాలో తెలియక రోజూ రైల్లో కనపడే మా ఆయనకు ఇచ్చాడట. పేరుతో సహా ఇచ్చాడు. మా ఆయనకు వేములవాడ దేవుడి మొక్కుపేరు. ఇంట్లో దాన్ని కుదించి రెండక్షరాలు చేశారు. కుక్కకూ సరిగ్గా ఆ రెండక్షరాలే. మార్చి చూశారట, టైగర్ అన్నారట, మోతీ అన్నారట, అది రెండు రోజులు ముద్ద ముట్టలేదట. "పోనీ తియ్యిరా, నీ పేరు ఎవలన్న ఎత్కపోతరా" అని మా అత్తమ్మ సర్దిచెప్పిందట. ఆ పేరేమిటో ఇప్పుడే రాయను. ఈపాటికి తెలిసినవాళ్లకు తెలిసే ఉంటుంది, కాస్త పైకి అనకండి.

ఆ కుక్క నిలబడితే నా నడుం దాకా వచ్చేది. దానికి మా ఆయనొక్కరే మనిషి. అత్తమ్మనూ మామనూ ఒప్పుకునేది, తక్కిన లోకమంతా దొంగలే. అందుకని ఆ ఇంట్లో కొన్ని నియమాలుండేవి. గేటుకు ఎద్దు మెడగంట ఒకటి కట్టి ఉండేది. ఎవరొచ్చినా దాన్ని మోగించి బయటే ఆగాలి. లోపలి నుంచి "కట్టేసినం, రాండ్రి" అన్న మాట వినపడ్డాకే గేటు తీయాలి. పగలంతా కుక్క వాకిట్లో పాతిన రాతికూసానికి గొలుసుతో ఉండేది. ఆ గొలుసు కొండిని రింగులో వేసి మూడుసార్లు గుంజి చూసిగానీ మా ఆయన జనగామ బండెక్కేవారు కాదు. అక్కడ ఆయనకు సర్కారు కొలువు. ఇంత జాగ్రత్త పడ్డా, నా పెళ్లయిన రెండో నెలలో, కొత్త కోడలికి గాజులు తొడగడానికి వచ్చిన గాజుల తాత గంట కొట్టడం మరచి లోపలికి వచ్చాడు, కుక్క అతని పిక్క పట్టేసింది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. మా ఆయన సెలవు పెట్టి, ఆ తాతను పద్నాలుగు రోజులూ రైల్లో వరంగల్ దవాఖానకు తీసుకుపోయి తీసుకొచ్చారు. ఊరంతా మెచ్చుకుంది. నేను మాత్రం గాజుల తాత మీద కూడా కుళ్లుకున్నాను. పెళ్లయ్యాక నాతో ఒక్కసారైనా రైలెక్కారా?

ఆ తర్వాత ఊరిపెద్దలు పిలిచి మాట్లాడారు. అందులో పెద్దాయన, ఎప్పుడూ ముక్కులో పొడి కూరుకుంటాడు కనుక నేను నశ్యం పటేల్ అని మనసులో పేరు పెట్టుకున్నాయన, తీర్పు చెప్పాడు. "ఇంకొక్కపారి ఎవల్నన్న కరిస్తే కుక్క ఊళ్లె ఉండొద్దు." మా ఆయన సరేనన్నారు. అట్లా అయితే గోదావరి ఒడ్డున మహదేవపూర్‌లో ఉన్న చిన్నాయన పొలం దగ్గరికి తోలిస్తానని మాటిచ్చారు. అది విని అత్తమ్మ కన్నీళ్లు పెట్టుకుంది. నేను లోపల గదిలో మహదేవపూర్ ఎంత దూరమో లెక్క వేసుకున్నాను. చాలా దూరం. సంతోషమేసింది.

ఏం చేయమంటారు? పొద్దున లేవగానే ఆయన మొదటి మాట దానితోనే. సాయంత్రం రైలు దిగి న్యూస్‌పేపర్ పొట్లం పట్టుకొస్తే మల్లెపూలేమో అనుకుని చెయ్యి చాచాను, కుక్క కొరకడానికి బొక్కలు. మూడు రోజులు నాకు పడిశం పట్టి ముక్కు చీదుతుంటే, ఆయన నా ముఖంలోకి దీక్షగా చూసి "దాని కండ్లల్ల నీళ్లు కారుతున్నయే, చూసినవా?" అన్నారు. మేమిద్దరం కాస్త దగ్గరగా నిలబడితే చాలు, అది వచ్చి మధ్యలో కూర్చునేది. నేను నవ్వితే గుర్రుమనేది. (అందుకే మొదటి ఏడాది ఫోటోలో నేనంత గంభీరంగా ఉంటాను. కొత్త పెళ్లికూతురు సిగ్గనుకుంటారు చూసినవాళ్లు.) పైగా అది నా మాట వినదు. ముందు పేరు, తర్వాత హుకుం, ఆ రైల్వే ఆఫీసరు అలా నేర్పాడు. పేరు పలకకుండా కూర్చోమని ఎన్ని "బైఠ్"లు అన్నా చెవిన పెట్టదు. నేనేమో పేరు పలకకూడదు. "ఇగో" అంటే కుక్క కదలదు, పొలంలో ఉన్న మొగుడు పరుగెత్తుకొస్తాడు.

ఒకసారి ఓటర్ల లిస్టు రాసుకునే ఆయన గేటు బయట నిలబడి "అమ్మా, మీ ఆయన పేరేంది?" అని అడిగాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఎంతకూ చెప్పలేక కుక్కను చూపించాను.

"గదో, గా కుక్క పేరే."

"కుక్క పేరేందమ్మా?"

"గది గూడ చెప్పరాదు."

ఆయన ఒకసారి నన్ను, ఒకసారి కుక్కను చూసి, పెన్ను జేబులో పెట్టుకుని పక్కింటికి పోయాడు.

బతుకమ్మ ఇంకా మూడు రోజులుందనగా జరిగింది అసలు కథ. అంతకుముందు సాయంత్రం మా అమ్మ పెట్టెలో పెట్టిచ్చిన కొమ్ముదువ్వెన కనపడక ఇల్లంతా వెతికాను. చివరికి పెరట్లో దొరికింది. మా ఆయన దానితో కుక్కకు దువ్వుతున్నారు, పాపిడి తీయడమొక్కటే తక్కువ. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. తినలేదని ఆయన గమనించలేదు. కుక్క సగం ముద్ద వదిలేసిందని మాత్రం గమనించారు. తెల్లారి ఆయనకు ఆలస్యమైంది. దూరంగా బండి కూత వినపడుతోంది. గొలుసు కొండి తగిలించి, గుంజి చూడకుండానే సైకిలెక్కి, గేటు దగ్గర్నుంచి "కొండి పడ్డదా చూడు!" అని కేకేశారు. చూశాను. కొండి నాలుక రింగు అంచున వేలాడుతోంది, లోపల పడలేదు. కుక్క నన్ను చూస్తోంది, నేను కుక్కను చూస్తున్నాను.

"పడ్డది!" అన్నాను.

నా ఆలోచన చెబుతాను, ఇప్పుడు దాచి ఏం లాభం? పదింటికి నశ్యం పటేల్ మా మామ దగ్గరికి పేపరు చదవడానికి వస్తాడు. తీర్పు చెప్పింది ఆయనే కనుక ఓ చిన్న గాటు ఆయనకే పడితే న్యాయంగా ఉంటుంది, ఎక్కువ కూడా వద్దు, పంచె చిరిగినా చాలు. ఇలా అనుకుంటూ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లేరుతున్నాను. ఒక్క రాయీ కనపడడం లేదు. చెవులు రెండూ గంట మీదే. గంట మోగింది. వంటింట్లోంచి అత్తమ్మ అలవాటుగా "కట్టేసినం, రాండ్రి!" అంది. గేటు తెరుచుకుంది.

వచ్చింది మా బాపు. ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో అమ్మ చేసిన తీపి గరిజెల డబ్బా, చంకలో నాకు బతుకమ్మ చీర. వస్తున్నానని ఉత్తరం రాశాడట. పోస్టుమన్ కుక్కకు భయపడి గోడ మీంచి ఉత్తరాలు విసిరేవాడు, బాపు ఉత్తరం కుడితి గోలెంలో పడి బర్రె నోట్లోకి పోయింది. (ఇది తర్వాత తెలిసింది.) కుక్క లేచింది. కొండి జారి రాతి మీద పడ్డ చప్పుడు నాకిప్పటికీ వినపడుతుంది. మా బాపుకు మోకాలు నొప్పి, పరుగెత్తలేడు. గోడకు ఆనుకుని గొడుగు అడ్డం పెట్టాడు. నేను చేట పడేసి ఉరికాను. "హట్! ఆగు! ఇగో! బైఠ్! బైఠ్!" అన్నీ అన్నాను. అది వెనక్కి కూడా చూడలేదు. గొడుగు మీదికి ఎగరబోతోంది. నా గొంతేనా అనిపించే గొంతుతో అరిచాను:

"రాజా! బైఠ్!"

కుక్క ఠక్కున కూర్చుంది. గోడకు జారగిలబడి మా బాపూ కూర్చున్నాడు. గేటులో సైకిలుతో నిలబడ్డ మా ఆయన, బండి తప్పిపోయి స్టేషన్లో మా బాపు కనపడితే ఎక్కించుకుని వచ్చిన మా ఆయన, సైకిలు వదిలేసి నేల మీద కూర్చున్నారు. అత్తమ్మ గరిటెతో బయటికొచ్చింది.

"ఎవల్ని పిలిచినవే?"

"కుక్కను, అత్తమ్మా."

"మరి వాడెందుకు కూసున్నడు?"

ఆ మాటకు ముందు నవ్వింది మా బాపే. "ఏం భయం లేదు, కట్టేసే ఉన్నది, మీ బిడ్డే చూసింది, పో మామా అని అల్లుడే పంపిండు చెల్లె" అన్నాడు ముఖం తుడుచుకుంటూ. నేను నవ్వలేకపోయాను. నేను చూశానంటే చాలని, నా మాట మీద నా కన్నతండ్రిని ముందు పంపారు ఆయన. కుక్కను మళ్లీ కట్టి, కొండిని చేతిలో తిప్పి చూసి, అందరి ముందూ "తప్పు నాదే. తొందరల సరిగ్గ పెట్టలె" అన్నారు. మధ్యాహ్నం ఆయన మా మామతో చెప్పడం విన్నాను. "కరవకున్నా కరిసినట్టే నాయినా. ఇచ్చిన మాట మాటే. రేపు మహదేవపూర్ తోలిపిస్త."

ఆరు నెలలుగా నేను కోరుకున్న మాట అది. విన్నాక చేతిలోని గరిజెను తినకుండానే డబ్బాలో పెట్టేశాను. పెరట్లోకి పోతే ఆయన కుక్క గిన్నెను బూడిద వేసి తోముతున్నారు, దానితోపాటు పంపడానికి. తళతళలాడుతున్నా ఇంకా తోముతూనే ఉన్నారు. ఇక ఆగలేక చెప్పేశాను.

"కొండి పడలే. నాకు తెలుసు. పడ్డదని అబద్ధం చెప్పిన."

చెయ్యి ఆగింది. "ఎందుకే?"

"దాన్ని చూసినట్టు నన్ను ఒక్కదినమన్న చూస్తవేమోనని."

ఆయన గిన్నెను కడిగి బోర్లించారు. తర్వాత మెల్లగా అన్నారు. "సూది దిగినప్పుడల్లా గాజుల తాత నా చెయ్యి గట్టిగ పట్టుకుంటుండె. పద్నాలుగు దినాలు. నా మీద కోపముంటే నన్ను కొట్టు. మనిషి మీదికి కుక్కను ఇడుస్తరా?" నేను ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, కుళ్లుతో కాదు. అదే మొదటిసారి అనుకుంటాను. ఆయన ఆ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

కుక్కను ఉంచింది మా బాపే. సాయంత్రం అందరి ముందూ "అల్లుడా, దాన్ని తోలకు. నా బిడ్డ మాట ఇన్నది గది. మా ఇంట్ల ఎవ్వలు ఇనకపోదురు" అన్నాడు. కరవలేదు కనుక మాట తప్పినట్టు కాదని నశ్యం పటేల్ కూడా ఒప్పుకున్నాడు. (కుక్కను ఆపానని ఆయన నాకు పండు తాంబూలం పంపాడు. ఎంత సిగ్గుపడుతూ తీసుకున్నానో నాకే తెలుసు.) గొలుసుకు రెండో కొండి వచ్చింది. ఇద్దరు గుంజి చూస్తేగానీ గేటు తెరవొద్దని, ఆ రెండో మనిషిని నేనేనని ఖాయమైంది. పేరు సంగతి అత్తమ్మ తేల్చింది. "కుక్కను పేరు పెట్టే పిలువు బిడ్డా, లేకుంటే అది ఇనదు. గని పిలిచేటప్పుడు కుక్క దిక్కే చూడాలె. వాని దిక్కు చూడొద్దు."

ఆ నియమం నేనెన్నడూ తప్పలేదు. తొమ్మిదేళ్లు కుక్క దిక్కే చూస్తూ "రాజా, అన్నం తిన్నవా? రాజా, గింత పొద్దెక్కినా లేవవా?" అని అత్తమ్మ వినేలా పిలిచాను. కుక్క తోకాడించేది, అరుగు మీంచి ఆయన జవాబు చెప్పేవారు. పొట్లాలు కూడా రెండు వచ్చేవి. ఒక్కోసారి తారుమారయ్యేవి, అది వేరే సంగతి. తర్వాత అది ముసలిదై, ఒక ఎండాకాలం పోయింది. నిమ్మచెట్టు కింద పూడ్చారు. తెల్లారి చాయ్ గ్లాసుతో అరుగు మీదికొచ్చి "రా..." అని ఆగిపోయాను. చూడడానికి ఎదురుగా కుక్క లేదు. వారం రోజులు "ఇగో" అనే అన్నాను. ఎనిమిదో రోజు నేనే అడిగాను, "ఇగో, ఇంకో కుక్కను తెద్దామా?" అని.

"నువ్వా అడుగుతున్నది?" అన్నారాయన. "ఏం పేరు పెడ్దాం?"

"పేరు మాత్రం మార్చొద్దు" అన్నాను.

ఇప్పుడున్నది నాలుగోది. మెత్తటిది, ఎవర్నీ కరవదు, ముసలిదై దానికి చెవులు కూడా వినపడవు. అత్తమ్మ పోయి చాలా కాలమైంది. అయినా రోజూ పొద్దున చాయ్ పెట్టి, పడుకున్న ఆ కుక్క దిక్కే చూస్తూ ఆ రెండక్షరాలూ పిలుస్తాను. అది కదలదు. పేపరు వెనక నుంచి "వస్తున్న" అని జవాబు వస్తుంది.