రెండు ప్రార్థనల మధ్య నా మొదటి ఓటు

ఆ రోజుల్లో మా ఇంట్లో రాజకీయాలు కళ్లు మూసుకుని మాట్లాడుకునేవాళ్లు. చమత్కారానికి అంటున్న మాట కాదు, నిజంగానే కళ్లు మూసుకుని, చేతులు జోడించి. మా నాన్న కొల్లేటి ఒడ్డున మా ఊళ్లోనే ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ప్రభుత్వోద్యోగి కాబట్టి ఎన్నికలప్పుడు ఎవరి తరఫునా నోరు విప్పకూడదు. భోజనానికి ముందు చేసుకునే కుటుంబ ప్రార్థనలో విప్పకూడదని మాత్రం ఏ సర్క్యులర్లోనూ లేదు. పైగా మా అమ్మమ్మ పెట్టిన కట్టుబాటొకటి ఉండేది. ప్రార్థన చేసేవాళ్లకి ఎవరూ అడ్డు రాకూడదు, చివర్న అందరూ గట్టిగా ఆమేన్ అనాలి. ఇంతకన్నా మంచి మైకు ఏ నాయకుడికి దొరుకుతుంది చెప్పండి!

అవి కొల్లేట్లో తవ్విన చేపల చెరువుల గట్లు సర్కారు కొట్టేస్తుందని ఊరంతా అట్టుడికిపోతున్న రోజులు. నాకు ఓటొచ్చాక వచ్చిన మొదటి ఎన్నికలు కూడా అవే, పంచాయతీ ఎన్నికలు. కుట్టుమిషను గుర్తాయన చెరువులు పోవాలి, కొల్లేరు కొల్లేరులా ఉండాలి అనేవాడు. బకెట్టు గుర్తాయన చెరువులుంటేనే మన నోట్లోకి నాలుగు వేళ్లూ వెళ్తాయనేవాడు. (కొల్లేరు మీద సర్పంచికి ఎంత అధికారం ఉంటుందో మా ఇంటి పిల్లికీ అంతే ఉంటుంది. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.) ఆ చెరువుల వల్లే బావి నీళ్లు ఉప్పగా మారాయని కుమిలిపోయే నాన్న కుట్టుమిషను. చెరువు మీద మేత వేసే పనిచేసే మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, బకెట్టు. మావయ్య పక్కింట్లోనే ఉండేవాడు, భోజనం మాత్రం మా ఇంట్లోనే.

ఒక పూట నాన్న వంతు. "మొదటి మనుషులకు తోలు చొక్కాలు కుట్టి ఇచ్చిన దేవా! కుట్టుపని ఎంత గొప్పదో నీకు ఒకరు చెప్పాలా? ఈ చేప ఏ చెరువులోదో, దానికేం మేత వేశారో కూడా నీకు తెలుసు తండ్రీ." మావయ్య పళ్లు కొరుకుతూనే ఆమేన్ అన్నాడు. మర్నాడు ఆయన వంతు. "బావి గట్టున దాహం అడిగిన ప్రభువా! ఆ రోజు నీ చేతిలో ఒక్క బకెట్టు ఉంటే పరాయి ఊళ్లో ఒకరిని అడగాల్సొచ్చేదా? చెరువు చేపని తిడుతూనే తల ముక్క ఎవరికీ ఇవ్వని మా బావగారిని క్షమించు." నాన్న ఆమేన్ ఎంత పొడుగ్గా తీశారంటే అందులో ఒక తిట్టు ఇమిడిపోయింది. నేను సెలవు రోజుల్లో హాస్టల్ నుంచి ఇంటికొచ్చినప్పుడల్లా ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు నాకోసం కూడా ప్రార్థించేవారు. వట్లూరులో డిగ్రీ చదివే ఈ బిడ్డకి మంచి గుర్తేదో తెలుసుకునే బుద్ధినిమ్మని. ఈలోగా పులుసు చల్లారి పైన మీగడలా నూనె కట్టేది.

నాకు ఇద్దరూ ప్రాణమే. నాన్న మాట విన్నప్పుడు నాన్న చెప్పిందే నిజమనిపించేది, మావయ్య మాట విన్నప్పుడు ఆయనదీ నిజమే అనిపించేది. కుట్టుమిషనుకి వేస్తే మావయ్య పొట్టకొట్టినట్టు, బకెట్టుకి వేస్తే నాన్న గుండెకోసినట్టు. కాలేజీలో నా స్నేహితురాళ్ల ఇళ్లలోనూ ఇదే వరస. ఉంగుటూరు అమ్మాయి అయితే "మా ఇంట్లో ఓటు ఊసెత్తితే పళ్లేలు లేస్తాయే, నేను వెయ్యను బాబూ" అని తేల్చేసింది. నేనూ అదే బాట పట్టాను. పరీక్షలని చెప్పి పోలింగు రోజున హాస్టల్లోనే ఉండిపోతానని అమ్మతో అన్నాను.

అమ్మ చింతపండు పిసుకుతూ నా వంక చూసింది. "చెరువు మీద అలిగి స్నానం మానేసినట్టుంది నీ యవ్వారం. వాళ్లిద్దరూ అరుచుకుంటే నీ ఓటేం పాపం చేసిందే? నేను ఎవరికేస్తానో పెళ్లైన కాణ్ణుంచీ మీ నాన్నగారికి చెప్పలేదు. వెయ్యడం మాత్రం ఎప్పుడూ మానలేదు." అమ్మకి కూడా ఒక రాజకీయం ఉందని నాకు ఆ రోజే తెలిసింది. అది ఏ గుర్తో మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఆ సాయంత్రం ప్రార్థన నేను చేస్తానన్నాను. నాన్న, మావయ్య ఆశగా కళ్లు మూసుకున్నారు. "దయగల తండ్రీ, గట్లు కొట్టేశాక మావయ్యలాంటి వాళ్లు ఏ పని చేసుకుని బతకాలో కుట్టుమిషను ఆయన్నే అడిగే ధైర్యం మా నాన్నకి దయచెయ్యి. చెరువులన్నీ ఇలాగే ఉంటే మా బావిలోకి మంచినీళ్లు ఎలా వస్తాయో బకెట్టాయన్నే అడిగే ధైర్యం మా మావయ్యకి దయచెయ్యి."

ఏళ్ల తరబడి అలవాటైన నోళ్లు కదా, ఇద్దరూ ఒక్కసారే ఇల్లదిరేలా "ఆమేన్" అనేశారు. అన్నాక గానీ దేనికి అన్నారో తెలియలేదు. మావయ్య ఒక కన్ను తెరిచి, "ఏవండీ బావగారూ, ఇదేదో తేడాగా ఉందండీ" అన్నాడు. అమ్మమ్మ పళ్లెం ముందుకు లాక్కుంటూ, "ఆమేన్ అన్నాక వెనక్కి తీసుకోకూడదు. రేపు వెళ్లి అడగండి" అంది.

వెళ్లారండీ! ఎవరి మనిషి దగ్గరికి వాళ్లు. నాన్నని చూసి కుట్టుమిషను ఆయన, "అదేంటి మాస్టారూ, మీరు కూడా అవతలి వాళ్లలో కలిసిపోయారా?" అన్నాడట. బకెట్టాయన మావయ్యతో సరిగ్గా అదే మాట అన్నాడట. ఇద్దరూ ఒకే రకం మొహాలతో తిరిగొచ్చి, అరుగు మీద పక్కపక్కన కూర్చుని మొదటిసారి కళ్లు తెరిచి మాట్లాడుకున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చి పిల్లలం అవే ప్రశ్నలు పట్టుకుని ఇద్దరు అభ్యర్థుల గుమ్మాలూ ఎక్కాం. సరైన జవాబు ఎక్కడా దొరకలేదు గానీ, అడిగితే పెద్దవాళ్లు కూడా తడబడతారన్న సంగతి దొరికింది. పోలింగు రోజున హాస్టల్ నుంచి మొదటి బస్సెక్కి వచ్చాను. వేలి మీద సిరా ఆరకుండానే నాన్న ఒకవైపు, మావయ్య ఒకవైపు నా మొహంలోకి చూశారు. నేను అమ్మ మొహంలోకి చూసి నవ్వాను.

ఇప్పుడు నేను తాడేపల్లిగూడెంలో టీచర్ని. అమ్మమ్మ లేదు. నాన్న, మావయ్య మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పోట్లాడుకుంటున్నారు. అందులో ఆమేన్ అనే కట్టుబాటు లేదు, అలిగి గ్రూపులోంచి వెళ్లిపోవడమే. ఆ ఎన్నికలకి ముందే పెళ్లై వెళ్లిపోయిన మా అక్క కూతురు ఇప్పుడు మా ఇంట్లో ఉండి చదువుకుంటోంది, దానికి ఈ మధ్యే ఓటొచ్చింది. "వాళ్ల గొడవ చూస్తే ఓటే వద్దనిపిస్తోంది పిన్నీ" అంది. నాకు నవ్వొచ్చి ఈ కథంతా చెప్పి, ఆ పూట భోజనానికి ప్రార్థన నువ్వే చెయ్యమన్నాను. అది బుద్ధిగా కళ్లు మూసుకుంది. "ప్రభువా, నేను ఓటేస్తాను. అలాగే తన మొదటి ఓటు ఎవరికేసిందో తాతయ్యకి చెప్పే ధైర్యం పిన్నికి దయచెయ్యి."

"ఆమేన్" అన్నాను, ఇల్లదిరేలా.

అది వాళ్ల తాతయ్యకి ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. నాన్న ఎత్తి, "ఏంటమ్మా?" అన్నారు. ఆమేన్ వెనక్కి తీసుకోకూడదంది గానీ, ఎప్పటిలోగా తీర్చాలో అమ్మమ్మ చెప్పలేదు. "ఏం లేదు నాన్నా, అన్నం తిన్నారా?" అన్నాను.