సత్యలక్ష్మి మానేసిన చుట్ట

భిలాయి స్టీలు ప్లాంటు వాళ్ళ రుఆబాంధా క్వార్టర్లలో మా ఎదురింటి సత్యలక్ష్మికి ఒక మంచి పేరుండేది, చుట్ట మానేసిన మనిషని. శ్రీకాకుళం పక్క పల్లెలో పుట్టింది. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చడం వాళ్ళమ్మ దగ్గరే నేర్చుకుంది. పెళ్ళయి భిలాయి వచ్చాక తొలి కాన్పులో బిడ్డ చచ్చి పుట్టింది. ఆసుపత్రిలో చుట్ట మానమన్నారు. ఇంటికి రాగానే ఉన్న చుట్టలన్నీ పొయ్యిలో వేసేసింది.

వేసేసింది గానీ, తల తిరిగేది, పళ్ళు జివ్వుమనేవి. పక్కింటి ఛత్తీస్‌గఢీ దీదీ జాలిపడి గుడాఖు డబ్బీ ఇచ్చింది. పొగాకు, బెల్లం మడ్డి కలిపి నూరిన నల్లటి ముద్ద అది. అక్కడి ఆడవాళ్ళకు మాత్రం అది పళ్ళు తోముకునే సరుకు. పెరటి మెట్టు మీద కూర్చుని వేలితో రుద్దుకుంటే సత్యలక్ష్మికి ప్రాణం కుదుటపడేది. పొగ లేదు, నిప్పు లేదు, ఇంకేం భయం?

తొంభై అయిదులో మళ్ళీ నెల తప్పింది. ఈసారైనా బిడ్డను దక్కించుకోవాలని ఇంటిల్లిపాదికీ అదే ధ్యాస. అత్త వరలక్ష్మమ్మ బొప్పాయి ముక్కను గుమ్మం దాటనివ్వలేదు. గ్రహణం నాడు కిటికీలకు దుప్పట్లు కట్టింది. ప్లాంటులో పనిచేసే మొగుడు అప్పలసూరి స్కూటరు ఎక్కనివ్వలేదు. ఇన్ని కాపలాలు కాసిన ఇంట్లోకి గుడాఖు మాత్రం పవర్ హౌస్ అనే పేటలోని బజారు నుంచి తెచ్చే సంచీలో సబ్బుతో, కొబ్బరినూనెతో పాటు దర్జాగా వచ్చేది. వేవిళ్ళకు బాగా పనిచేస్తోందని పూటపూటా రుద్దేది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద మండాలో తెలియదు.

బీపీ ఎక్కువుంది, రక్తం తక్కువుంది, బిడ్డ సరిగా ఎదగడం లేదు అంది డాక్టరమ్మ. "తంబాకూ ఖాతీ హో?" అని పొగాకు అలవాటు గురించి కూడా అడిగింది.

"నహీ డాక్టర్‌జీ. ఛోడ్ దియా," మానేశానని చెప్పింది సత్యలక్ష్మి, కాస్త గర్వంగానే. అబద్ధమాడలేదు పాపం.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున్న కడుపులో కదలిక ఆగిపోయింది. ఆడపిల్ల. చచ్చే పుట్టింది.

కాన్పయిన మర్నాడు ఆసుపత్రి వార్డులో పళ్ళు తోముకుందామని లేచి డబ్బీ మూత తీసింది. మందులిస్తున్న నర్సు రజనీకుమారి, తెలుగామే, గబుక్కున చెయ్యి పట్టుకుంది.

"ఇది పొగాకే కదమ్మా! కడుపుతో ఉన్నప్పుడు కూడా రుద్దావా?"

"పళ్ళకేనమ్మా," అని వరలక్ష్మమ్మ అడ్డం వచ్చింది.

"చిగుళ్ళలోంచి రక్తంలోకి పోతుంది. అక్కణ్ణుంచి బిడ్డకి."

"అయితే నానే సంపుకున్నానా?" అంది సత్యలక్ష్మి.

"దీనివల్లే అని ఎవరూ చెప్పలేరు. నీకు బీపీ కూడా ఉంది. కానీ మళ్ళీ ముట్టుకోకు." నర్సు ఆ డబ్బీ అప్పలసూరి చేతిలో పెట్టి పారేయమంది.

అతను పారేయలేదు. జేబులో వేసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. సాయంత్రానికి సత్యలక్ష్మికి తల పగిలిపోతోంది, పళ్ళు జివ్వుమంటున్నాయి. మొగుడి వైపు చెయ్యి చాపింది.

"ఇటియ్యి."

"వొద్దే. నర్సమ్మ సెప్పింది గదా."

"ఏటి సెప్పింది? మానడానికి ఇప్పుడు కడుపులో ఎవులున్నారు?"