వింటున్నావా, బాబూ?

వచ్చినాయన పోలీసని ముందు కనిపెట్టింది మా అమ్మీ. గళ్ళ చొక్కా, నలిగిన ప్యాంటు, చంకలో ఒక సంచి. మామూలు మనిషిలాగే తయారై వచ్చాడు గానీ బూట్లు మార్చుకోవడం మర్చిపోయాడు. ఎర్రగా నిగనిగలాడే ఆ బూట్లు తెనాలిలో పోలీసులు తప్ప ఇంకెవరూ వేసుకోరు.

"బూట్లు బయట విప్పండి బాబూ, ఇప్పుడే తుడిచాను" అంది అమ్మీ.

ఆయన తన కాళ్ళకేసి చూసుకుని నాలుక కరుచుకున్నాడు.

నగరంలో బాంబులు పేలిన ఏడాది అది. అప్పటికి నాన్న పోయి చాలాకాలమైంది. తెనాలిలో ఇంటి ముందుగదిలోనే అమ్మీ గాజుల కొట్టు నడిపేది. నేను బాపట్లలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, సెలవు దొరికితే రైలెక్కి ఇంటికి వచ్చేదాన్ని. ఆ రోజు ఇంట్లోనే ఉన్నాను. ఇంట్లో ఎంతమంది, గల్ఫులో ఎవరున్నారు, ఎవరెవరు వచ్చిపోతుంటారు, ఏ పేపరు చదువుతారు, ఫోన్ నంబరెంత అని ఆయన వరసగా అడిగాడు. అమ్మీ అన్నిటికీ జవాబు చెప్పి చివర్లో ఒకటి అడిగింది.

"మా మీద ఏమన్నా అనుమానమా బాబూ?"

"అబ్బే, అదేం లేదమ్మా. ఊరికే. అందరినీ అడుగుతున్నాం."

"పక్క వీధిలో కూడానా?"

పక్క వీధిలో ఉండేవాళ్ళు కమ్మవాళ్ళు, కోమట్లు. ఆయన టీ గ్లాసు చేతిలోకి తీసుకుని, చాలా వేడిగా ఉన్నట్టు ఊదుతూ కూర్చున్నాడు.

ఆ తర్వాత కొద్దిరోజులకే మా ఫోన్‌లో టక్కుటక్కుమని చప్పుడు మొదలైంది. తెనాలిలో వాన పడితే ఫోన్లన్నీ ఏదో ఒక చప్పుడు చేస్తాయి. కానీ రేపల్లెలో ఉండే మా ఖాలా, అంటే అమ్మీ అక్క, ఆ మాట ఒప్పుకోలేదు.

"ఎవరో వింటున్నారే" అందామె. ఆ రోజు నుంచి ఫోన్‌లో ఉర్దూ మానేసి తెలుగులోనే మాట్లాడాలని రూలు పెట్టింది. "మన భాషలో మాట్లాడితే ఏదో దాస్తున్నామనుకుంటారు."

"అవును పాపం. ఉర్దూ అయితే ఇంకోడిని పిలిపించి అర్థం చెప్పించుకోవాలి. ఎందుకొచ్చిన శ్రమ" అంది అమ్మీ.

ఖాలా అక్కడితో ఆగలేదు. మనుషుల పేర్లు చెప్పడం మానేసింది. గల్ఫులో ఉన్న కొడుకు 'ఆ అబ్బాయి' అయ్యాడు, గల్ఫు 'ఆ ఊరు' అయింది. అంతవరకూ వాళ్ళ మాటలు ఎవరు విన్నా ఆవులించి పడుకునేవాళ్ళు. ఆమె జాగ్రత్త మొదలయ్యాక నాకే అనుమానం వచ్చేలా తయారయ్యాయి.

ఒక ఆదివారం పొద్దున ఫోన్ మోగితే నేనే ఎత్తాను. అవతల ఖాలా గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"విను. వస్తువు బయల్దేరింది."

"ఏ వస్తువు ఖాలా?"

"పేరెత్తకు! పదింటి బస్సు. డ్రైవరు సీటు వెనకాల పెట్టించాను. ఎక్కువసేపు ఉంచితే పాడైపోతుంది. మూత మాత్రం దార్లో తియ్యొద్దు, ఎగిరిపోద్ది."

అని ఫోన్ పెట్టేసింది. అమ్మీకి చెబితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "కొర్రమీలై ఉంటాయి. పోయి తీసుకురా."

బస్టాండుకు వెళ్ళేసరికి రేపల్లె బస్సు వచ్చి ఉంది. దాని చుట్టూ జనం మూగి ఉన్నారు. మధ్యలో పాత పెయింటు డబ్బా ఒకటి, మూత నిండా మేకుతో కొట్టిన చిల్లులు, పైన తడిగోనె చుట్టి పురికొసతో కట్టి ఉంది. దానికి కాస్త దూరంగా లాఠీ పట్టుకుని మన ఎర్రబూట్లాయన. ఆ రోజుల్లో బస్టాండుల్లో పార్సిళ్ళన్నీ తనిఖీ చేస్తుండేవాళ్ళు. అందుకే వచ్చాడో, ఖాలా మాటలు విని వచ్చాడో నాకు ఈనాటికీ తెలియదు.

"ఎవరిదమ్మా ఇది?"

"మాదేనండి."

"ఏముంది ఇందులో?"

చేపలు అంటే అయిపోయేది. కానీ ఖాలా గొంతు ఇంకా నా చెవిలోనే ఉంది. నోట్లోంచి ఆ మాటే వచ్చింది. "వస్తువండి."

"ఏం వస్తువు?"

అప్పుడే డబ్బా దానంతటదే కదిలింది. జనం ఒక్క పెట్టున వెనక్కి తగ్గారు. కండక్టరు టిక్కెట్ల సంచి గుండెకు హత్తుకున్నాడు. ఎర్రబూట్లాయన అందరినీ దూరం జరగమని చెప్పి, లాఠీ కొసతో పురికొస లాగి, మూత ఎత్తాడు.

కొర్రమేను నీళ్ళలో లేకపోయినా చాలాసేపు బతుకుతుంది. గంటకు పైగా చీకట్లో కుదుపులు తిన్నది వెలుతురు కనబడితే ఊరుకుంటుందా? మోచెయ్యంత చేప ఒకటి గాల్లోకి లేచి ఆయన ఛాతీకి తగిలి, ఎర్రబూట్ల మీద పడి కొట్టుకుంది. ఆయన ఎగిరి ప్రయాణికులు కూర్చునే సిమెంటు బల్ల ఎక్కాడు. దాని వెనకే మిగతావీ దూకాయి. పూలమ్మే ముసలమ్మ ఒకావిడ "తోక కాదు బాబూ, తల పట్టు, తల!" అని బల్ల మీదున్న ఆయనకు సలహా ఇస్తోంది. కండక్టరూ నేనూ కలిసి చేపల్ని పట్టాం. ఒకటి మాత్రం చెరుకురసం బండి కిందకు దూరి, అటునుంచి మురుగుకాల్వలోకి పోయింది.

"చేపలని ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాడాయన బల్ల దిగుతూ. చొక్కా జేబు దగ్గర పొలుసులు మెరుస్తున్నాయి.

పులుసు తింటూ అమ్మీ తేల్చేసింది. "అయితే నిజంగానే వింటున్నారన్నమాట." భయపడుతుందనుకున్నాను. ఆమె లేచి చెయ్యి కడుక్కుని ఫోన్ ఎత్తింది. "వింటున్నావా, బాబూ? చేప ఛాతీకి తగిలిందట, దెబ్బేం లేదుగా? పులుసు బాగా కుదిరింది. ఎండు మామిడి వేస్తే ఆ రుచే వేరు."

అది ఆమెకు అలవాటైపోయింది. బాపట్లలో నేను అద్దెకున్న ఇంటివాళ్ళ నంబరుకు నాకు ఫోన్ చేసినా, ముందు ఆ బాబును పలకరించాకే నన్ను పలకరించేది. టిఫిన్ చేశావా, మీ ఆవిడ ఎలా ఉంది, రాత్రి డ్యూటీ అయితే మజ్జిగ తాగు. ఒకరోజు మా వీధి కాల్వ సంగతి కూడా చెప్పింది. "పొంగి ఇళ్ళలోకి వస్తోంది. మున్సిపాలిటీ వాళ్ళు మా మాట వినరు. నువ్వు ఎలాగూ వింటున్నావు గదా, కాస్త చెప్పు నాయనా."

ఆ వారంలోనే మనుషులు వచ్చి కాల్వ తీశారు. వార్డు చూడటానికి ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని తర్వాత తెలిసింది. కానీ ఆ మాట మా వీధిలో ఎవరు నమ్ముతారు? గాజుల కొట్టు ముందు జనం చేరారు. ఒకావిడ రేషన్ కార్డులో తప్పుపడిన తన పేరు చెప్పుకుంది. ఇంకొకావిడ తాగుబోతు మొగుడి మీద ఫిర్యాదు చేసి, "కొట్టొద్దు, బెదిరిస్తే చాలు" అని కూడా చెప్పింది. నంబరు తిప్పక్కర్లేదు, ఎత్తితే చాలని అమ్మీ అందరికీ నేర్పింది. శనివారం సాయంత్రం నేను రైలు దిగి వచ్చేసరికి కొట్టు నిండా నవ్వులే.

అలాంటి ఒక సాయంత్రం వీధి చివర ఉండే టైలరు తాత వచ్చాడు. ఆయన మనవడి పాస్‌పోర్టు విచారణ ఎటూ తేలక నలుగుతోంది. తాత టోపీ సర్దుకుని, చొక్కా పైగుండీ పెట్టుకుని, నిటారుగా నిలబడి రెండు చేతులతో ఫోన్ పట్టుకున్నాడు.

"సార్, నమస్కారమండి. మా మనవడు మంచోడండి. చదువుకున్నాడండి. గొడవల్లోకి పోడండి. రోజూ నమాజుకి వెళ్తాడు..." అని ఆగిపోయాడు. పెదవులు తడుపుకున్నాడు. "వెళ్తాడు గానీ, వెంటనే ఇంటికొచ్చేస్తాడండి."

కొట్టులో ఎవరూ నవ్వలేదు. ఫోన్‌లోంచి కుయ్యిమనే శబ్దం మాకందరికీ వినబడుతోంది. ఎవరూ నిందించని మనవడి తరఫున, ఉన్నాడో లేడో తెలియని మనిషికి ఆ పెద్దాయన సాక్ష్యం చెప్పుకుంటున్నాడు. అమ్మీ మెల్లగా వెళ్ళి ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుని పెట్టేసింది. కుర్చీ వేసి కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. ఆ రోజుతో ఆ ఆట కట్టిపెట్టింది.

తర్వాత ఎర్రబూట్లాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి మామూలు చెప్పులే వేసుకున్నాడు.

"ఇంట్లో అందరి ఫొటోలూ కావాలమ్మా."

"ఎందుకు బాబూ?"

"పైనుంచి చెప్పారు."

అమ్మీ తలెత్తి పైన తిరుగుతున్న ఫ్యానుకేసి చూసింది. "అనుమానం ఏమన్నా ఉందా?"

"లేదనే గదమ్మా చెప్తున్నాను."

"ఉంటే చెప్పండి, జవాబు చెప్తాను. లేని అనుమానానికి ఏమని చెప్పను?" గొంతు పెంచలేదు. చేతిలో ఉన్న గాజుల్ని దారానికి గుచ్చుతూనే మాట్లాడింది. "కారణం లేకుండా ఇంటికొచ్చేది చుట్టాలే. చుట్టంగా వచ్చారా, లోపలికి రండి, టీ పెడతాను. పోలీసుగా వచ్చారా, కాగితం తీసుకురండి."

ఆయన గుమ్మంలోంచి వీధి అటూ ఇటూ చూశాడు. చివరికి చెప్పులు విప్పి లోపలికి వచ్చి కూర్చున్నాడు. టీ సగం తాగాక అడిగాడు.

"అమ్మా, ఆ ఎండు మామిడి... పులుసు ఉడికేటప్పుడు వెయ్యాలా, దించేముందా?"

నేనూ అమ్మీ మొహమొహాలు చూసుకున్నాం. బస్టాండులో ఆయనతో నేను పులుసు మాటే ఎత్తలేదు. వీధిలో ఎవరన్నా చెప్పారేమో. వింటున్నామని మాకు తెలియాలని కావాలనే అడిగాడేమో కూడా.

"ఉడికేటప్పుడే" అంది అమ్మీ.

ఆయన వెళ్ళాక అమ్మీ తలుపు గడియ పెట్టి, సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు చూసింది. ఏం చేస్తారోనని కొన్నాళ్ళు వీధిలో చప్పుడైతే చాలు ఉలిక్కిపడేవాళ్ళం. ఏమీ జరగలేదు. కాగితమూ రాలేదు. మా వీధిలో ఫొటోలు ఇచ్చినవాళ్ళు ఇచ్చారు. మిగతావాళ్ళు అమ్మీ మాటనే అప్పజెప్పి టీ పెట్టారట. ఇచ్చిన ఫొటోలను ఎక్కడ దాచారో, ఎందుకు దాచారో ఎవరూ చెప్పలేదు. టైలరు తాత మనవడికి పాస్‌పోర్టు ఆలస్యంగానైనా వచ్చింది.

ఖాలా మాత్రం ఫోన్‌ను మళ్ళీ నమ్మలేదు. "బాగున్నావా, బాగున్నాను" తప్ప మూడో మాట ఉండేది కాదు. అంతకుముందు గంటలు గంటలు సాగిన అక్కచెల్లెళ్ళ కబుర్లు అలా పోయాయి. కబుర్లు లేకుండా ఆమె ఎన్నాళ్ళుంటుంది? కడుపుబ్బరం పట్టలేక రేపల్లె ప్యాసింజరు ఎక్కడం మొదలుపెట్టింది. పొద్దున దిగి, బుర్ఖా మడిచి పక్కన పెట్టి, వాళ్ళ వీధిలో లేచిపోయిన జంట కథ మొదటినుంచీ అందుకునేది. పిల్ల గోడ ఎలా దూకిందో లేచి దూకి చూపించేది, పిల్ల తండ్రి గొంతు, పిల్లాడి తల్లి గొంతు విడివిడిగా పలికేది.

"ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు గదే ఆపా" అని అమ్మీ అక్కను ఉడికించేది.

"ఫోన్‌లో గోడ ఎలా దూకను?" అని ఖాలా మళ్ళీ లేచి నిలబడేది.