వాదంలో ఓడని దశరథరామయ్య

తెనాలిలో స్టేషనుకి వెళ్లే దారిలో దశరథరామయ్యకు సైకిల్ షాపు ఉండేది. దేవుడు లేడని గట్టిగా నమ్మిన మనిషి. పేరు విని ఎవరైనా నవ్వితే, "పేరు మా నాన్న పెట్టాడు, బుద్ధి నేను తెచ్చుకున్నాను" అనేవాడు.

అరవైల మొదట్లో, సాయంత్రమైతే ఆ షాపు ముందు బల్ల మీద చోటు దొరికేది కాదు. మార్కెట్టు వ్యాపారులు, కోర్టు గుమాస్తాలు, కాలేజీ విద్యార్థులు చేరేవాళ్లు. జాతకాలు, ముహూర్తాలు, తద్దినాలు, ఏ మాట వచ్చినా దశరథరామయ్య దాన్ని పట్టుకుని పిండి చేసి వదిలిపెట్టేవాడు. ఎదుటివాడు నోరు తెరిచేసరికే ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఓడినవాడు నవ్వి ఊరుకునేవాడు. మర్నాడు ఇంకో వీధిన ఇంటికి పోయేవాడు.

అలా ఒక్కొక్కరే తగ్గిపోయారు. ఆ సంగతి ఆయన చాలాకాలం గమనించనే లేదు. భార్య పెళ్లయిన కొన్నేళ్లకే పోయింది. పిల్లల్లేరు. హోటలు నుంచి క్యారియరు వచ్చేది. తిని, గిన్నెలు కడిగి గుమ్మంలో పెట్టి, రేడియోలో వార్తలు వినేవాడు. ఒక్కోసారి ఆ వార్తలు చదివేవాడితోనే నాలుగు మాటలు వాదించి పడుకునేవాడు.

సొంతమనిషంటూ మిగిలింది బాపట్లలో ఉన్న చెల్లెలు దుర్గాంబ. బావ కోటేశ్వరరావు తాలూకా ఆఫీసులో గుమాస్తా. వాళ్లకు ఒక్కతే కూతురు, ప్రమీల. అరవైనాలుగులో ఆ పిల్ల టైఫాయిడ్ వచ్చి పోయింది. తొమ్మిదేళ్లు నిండాయంతే. కొన్ని నెలల తర్వాత దుర్గాంబ ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకుని అన్నను కూడా పిలిచింది. దశరథరామయ్య వెళ్లాడు. పూజ అయిపోయింది. ఆమె అందరికీ ప్రసాదం పంచుతూ వచ్చి ఆయన ముందు నిలబడింది. ఆయన చెయ్యి చాపలేదు.

"నీ దేవుడే ఉంటే ప్రమీలని ఎందుకు తీసుకెళ్లాడే? తీసుకెళ్లినవాడికి మళ్లీ నైవేద్యమా?" అన్నాడు, ఇల్లంతా వినేట్టు.

దుర్గాంబ పళ్లెం కింద పెట్టి లోపలికి వెళ్లింది. తిరుగు రైల్లో దశరథరామయ్య, తన ప్రశ్నకు ఒక్కరు కూడా జవాబు చెప్పలేకపోయారనే అనుకున్నాడు. ఆ రోజు నుంచి దుర్గాంబ ఆయనతో మాట్లాడలేదు. పనిమీద తెనాలి వచ్చినప్పుడు కోటేశ్వరరావు షాపు దగ్గర ఆగి, "అంతా బాగానే ఉన్నామండి బావగారూ" అని చెప్పి వెళ్లిపోయేవాడు. అంతకుమించి రాకపోకలు లేవు.

డెబ్బైఒకటిలో రేపల్లెలో కొందరు కుర్రాళ్లు ఒక చర్చ ఏర్పాటు చేశారు. దేవుడు ఉన్నాడని మాట్లాడడానికి ఆ చుట్టుపక్కలే ఒక చిన్న చర్చికి పాస్టరుగా ఉన్న ఏసుపాదం వచ్చాడు. లేడని మాట్లాడడానికి దశరథరామయ్యను పిలిచారు. పాస్టరు నెమ్మదైన మనిషి, ఆగి ఆగి మాట్లాడాడు. దశరథరామయ్య లేచి, "ప్రార్థనతో జబ్బులు నయమైతే పాస్టరుగారూ, ఈ ఆస్పత్రులన్నీ ఎందుకండీ? ఖాళీ చేసి గొడ్లను కట్టేసుకుందామా?" అన్నాడు. హాలంతా గొల్లున నవ్వింది. ఏసుపాదం తల వంచుకున్నాడు. చర్చ అక్కడితోనే తేలిపోయింది.

సాయంత్రం తెనాలి ప్యాసింజరు ఎక్కి చూస్తే ఎదురు బల్ల మీద అదే పాస్టరు, ఒళ్లో టిఫిన్ క్యారియరు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"మీరూ తెనాలేనా?" అన్నాడు దశరథరామయ్య, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అవునండి. మా ఇంట్లోవాళ్లు అక్కడ ఆస్పత్రిలో ఉన్నారండి. కడుపులో గడ్డ. ఆపరేషనన్నారు."

దశరథరామయ్య ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. బయట కోతలైపోయిన పొలాలు వెనక్కి పోతున్నాయి. ఆ హాల్లో నవ్విన నవ్వులన్నీ ఇప్పుడు వచ్చి తన మీద పడ్డట్టు అనిపించింది.

"నాకు తెలీదండీ" అన్నాడు చివరికి.

"తెలిసి అన్నారని నేననుకోలేదండి. మీరన్న మాట నాకు అర్థమైంది. మందే పనిచేస్తుంటే పేరు మాత్రం దేవుడికెందుకు పోవాలి, కష్టపడ్డ డాక్టరుకి కదా పోవాలి అంటున్నారు. అంతేనాండీ?"

దశరథరామయ్య ఉలిక్కిపడ్డాడు. తను నవ్వించడానికి అన్న మాటలో ఉన్న అసలు సంగతిని తనకన్నా శుభ్రంగా చెప్పాడు ఈ మనిషి. ఇన్నేళ్లలో ఎదుటివాడి మాటను తను ఒక్కసారైనా ఇలా తిరిగి చెప్పాడా? జవాబు వెతకడంతోనే సరిపోయింది.

"అంతే. మరి అది తెలిసీ ప్రార్థన చేస్తారా?"

"చేస్తానండి."

నాలుక మీదికి పదునైన మాట ఒకటి వచ్చింది. ఆయన దాన్ని మింగేసి, "ఎందుకండీ?" అని అడిగాడు. అడిగాక తెలిసింది, అది ఓడించడానికి అడిగింది కాదని.

"ఆవిడ మంచం పక్కన కూర్చోవాలి కదండీ. నాకు భయం. ఒక్కణ్ణీ కూర్చోలేను."

"అంతమాత్రాన దేవుడున్నాడని నేనొప్పుకోను."

"ఒప్పుకోమని చెప్పలేదండి. ఎందుకని అడిగారు, చెప్పాను."

తెనాలిలో దిగాక దశరథరామయ్య ఆయనతోపాటు ఆస్పత్రి దాకా నడిచాడు. ఆ ఇల్లాలు కోలుకుని ఇంటికెళ్లింది. ఆ తర్వాత కూడా, తెనాలి వచ్చినప్పుడల్లా ఏసుపాదం షాపు దగ్గర కూర్చుని వెళ్లేవాడు. ఇద్దరికీ ఏ విషయంలోనూ కుదిరేది కాదు. అయినా ఒకరి మాట ఒకరు పూర్తిగా విన్నాకే రెండోవాళ్లు మొదలుపెట్టేవాళ్లు. దశరథరామయ్యకు ఇది చెమట పట్టించే పని. మధ్యలోనే నోరు తెరుచుకునేది. పాస్టరు చెయ్యెత్తి, "ఇంకా అవలేదండి" అని నవ్వేవాడు.

పాస్టరు వెళ్లిపోయాక మాత్రం షాపు మునుపటికన్నా బోసిగా ఉండేది. ఖాళీగా ఉన్న బల్ల ఇదివరకూ ఉంది. అది ఖాళీగా ఉందని ఇప్పుడు తెలుస్తోంది.

మరుసటి వేసవిలో ఒకరోజు షాపు మూసి బాపట్ల రైలెక్కాడు. తలుపు తీసింది కోటేశ్వరరావు. ఆయన ఒక్క క్షణం తెల్లబోయి, "రండి బావగారూ" అని కుర్చీ వేసి, కూరగాయలు తేవాలంటూ సంచీ పట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. దుర్గాంబ వంటింటి గడప దగ్గర నిలబడింది. జుట్టు సగం తెల్లబడింది.

క్షమించమని చెప్పాలని దారి పొడవునా మాటలు కూర్చుకున్నాడు. తీరా నోటికి ఒక్కటీ రాలేదు.

"దుర్గా, ఆ రోజు నువ్వు వ్రతం ఎందుకు చేశావు? వాదించడానికి కాదు. చెప్పు, వింటాను."

ఆమె గడప మీద కూర్చుంది. ఆయన తొందరపెట్టలేదు.

"ఆ ప్రశ్న నాదే అన్నయ్యా" అంది. "ఎందుకు తీసుకెళ్లాడని నువ్వడిగావే, అది నాదే. పిల్ల పోయిన రోజు నుంచీ అడుగుతూనే ఉన్నాను. మీ బావగార్ని అడగలేను, ఆయనే కుంగిపోయి ఉన్నారు. అత్తగార్ని అడిగితే పాపం అన్నారు. మా అన్నయ్యొస్తాడు, ఆయనకి ఇలాంటివి తెలుసు, పక్కన కూర్చోబెట్టుకుని అడుగుదామనుకున్నాను. నువ్వొచ్చి దాన్నే నలుగురిలో నా మొహాన కొట్టావు. ఇంక ఎవర్ని అడగను?"

"అయితే నువ్వు కూడా నమ్మ..."

"ఆగు. నన్ను నీ వైపు కలిపేసుకోకు" అంది దుర్గాంబ. "నేను నమ్ముతాను. నమ్ముతూనే అడుగుతాను. అది నీకు అర్థం కాదు."

ఆయన నోరు మూసుకున్నాడు. విన్నదాన్ని మనసులో సర్దుకుని, "దేవుడున్నాడనే నీ నమ్మకం. అందుకే నీకు ఆయన మీద కోపం. లేడనుకునే నాకు కోపగించుకోడానికి కూడా ఎవరూ లేరు. నువ్వు చెప్పింది ఇదేనా?" అన్నాడు.

దుర్గాంబ అన్నను తేరిపార చూసింది. "సగం అదే" అంది. చెంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది.

అక్కడితో అంతా చక్కబడిందని చెప్పడానికి లేదు. వెళ్లేటప్పుడు మళ్లీ రమ్మని ఆమె అనలేదు. అయినా ఆయన వెళ్లాడు, తర్వాత కూడా వెళుతూ వచ్చాడు. కొన్నిసార్లు ఇద్దరూ బాగా మాట్లాడుకునేవాళ్లు. కొన్నిసార్లు ఆమె వంటింట్లోంచి బయటికే వచ్చేది కాదు. పండగ ప్రసాదం పెట్టడం ఆమె మానలేదు. తీసుకోవడం ఆయన మొదలుపెట్టలేదు. పోయిన ఎనిమిదేళ్ల లోటు ఇద్దరికీ తెలుస్తూనే ఉండేది.

డెబ్బైఅయిదులో ఏసుపాదాన్ని ఒంగోలు అవతలికి మార్చారు. తెనాలిలో దశరథరామయ్య మాట మిగతావాళ్లకు ఎప్పుడో అక్కర్లేకుండా పోయింది. తను మారానని చెప్పడానికి ఎవరింటికి వెళ్లగలడు?

ఒక శ్రావణమాసంలో, వాన పట్టి బాపట్లలోనే ఉండిపోవాల్సి వచ్చిన రోజున, దుర్గాంబ బియ్యం ఏరుతూ, "ప్రమీల ఎక్కడో ఉందనే నాకనిపిస్తుంది అన్నయ్యా" అంది.

"నాకలా అనిపించదమ్మా."

"తెలుసు."

ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత, "దానికి లెక్కలు బాగా వచ్చేవా?" అని అడిగాడు. మేనకోడలి గురించి తనకు ఏమీ తెలియదని అప్పుడే తట్టింది.

"లెక్కలా! వేళ్లు చాలక నా వేళ్లు కూడా పట్టుకునేది" అంది దుర్గాంబ. చేట పక్కన పెట్టి, చెప్పడం మొదలుపెట్టింది.