ఆమె లేచి నిలబడిన ఆదివారం

నాది పెద్ద గొంతు. మైకు లేకుండానే ప్రకటనలు చదివేస్తానని మా ఆయన ఇప్పటికీ ఎగతాళి చేస్తాడు. ఆయన జడ్చర్ల దగ్గర ఒక చిన్న సంఘానికి పాస్టరు, నేను పాస్టరమ్మను. స్త్రీల కూటం, పిల్లల సండే స్కూలు, పండుగ వంటలు, ఎవరింట్లో జ్వరమొచ్చినా పరామర్శ, అన్నీ నావే. ఓపిక మాత్రం ఆయనది.

తెలంగాణ వచ్చిన నాలుగైదేళ్లకు మా చుట్టుపక్కల కంపెనీలు పెరిగాయి. రేకుల గదులు వేసి కిరాయికిచ్చారు. వాటిలోకి జార్ఖండ్ వాళ్లు, ఒడిశా వాళ్లు దిగారు. ఒక ఆదివారం పొద్దున వాళ్లలో కొందరు తలలు నున్నగా దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని మా మందిరం వాకిట్లో నిలబడ్డారు. మా వాళ్లు కొందరు మొహాలు చిట్లించారు. నాకు కోపం నషాళానికంటింది.

"మనోళ్లు బొంబాయికి పోయి మట్టి మోసిననాడు మనల్ని గూడ గిట్లనే చూసిన్రు. యాదికి లేదా?" అని అందరి ముందే అడిగేశాను.

మా నాయిన అట్లా పోయినవాడే. పాలమూరు లేబరంటే తెలియనిదెవరికి? వలసొచ్చిన వాళ్ల కష్టం గురించి నాకొకరు నేర్పాల్సిన పనిలేదనుకున్నాను. ఆ మిడిసిపాటు నాకు బాగానే ఉండేది.

హిందీ మాత్రం నాకు బజారులో బేరమాడేంతవరకే వచ్చు. వాక్యం మా ఆయన తెలుగులో చదివితే, వాళ్లలో ఒకాయన హిందీలో చదివేవాడు. మిగతా సంభాషణంతా సైగలూ నవ్వులే.

వాళ్లలో ఒక జార్ఖండ్ అమ్మాయి ఉండేది. ఇరవై ఏళ్లుంటాయేమో. ఎనిమిదో నెల గర్భిణి. భర్తది కంపెనీలో షిఫ్టు పని. వచ్చి నెల కూడా కాలేదు, తెలుగు ఒక్క ముక్క రాదు.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయం నడుస్తోంది. ఎవరికేం కష్టమున్నా లేచి చెప్పుకుంటే అందరం ప్రార్థన చేస్తాం. ఆమె భర్త డ్యూటీలో ఉన్నాడు. హిందీ చదివే ఆయనా ఆ రోజు రాలేదు. వెనక చాపల మీద పిల్లలు ఒకటే గోల. "ఏయ్, చుప్!" అని ఒక్క కేక పెట్టాను. అప్పుడే ఆ అమ్మాయి గోడ పట్టుకుని లేచింది. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. నేను అదే గొంతుతో ఆమె వైపు తిరిగి, "చెప్పు" అన్నాను. ఆమె నన్నే చూస్తూ నిలబడింది. "చెప్పు, చెప్పు!" అని చెయ్యి ఊపాను. ఆమె కూర్చుంది.

"గింత సిగ్గుపడితే దేవునికెట్ల వినపడతదే?" అన్నాను. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియకపోయినా ఆమె కూడా కాస్త నవ్వింది. మేం పాట అందుకున్నాం.

బుధవారం పొద్దున ఆమె భర్త ఉరుకుతూ మా ఇంటికొచ్చాడు. ఆటోలో ఎక్కించుకుని మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. బిడ్డ కడుపులోనే పోయిందని డాక్టరమ్మ చెప్పింది. ఆడపిల్ల. తలనిండా జుట్టు. నేనే నీళ్లతో కడిగి, నా పాత చీర చింపి చుట్టాను. మా సంఘం సమాధుల జాగాలో పెట్టాం. మొదట్లో మొహం చిట్లించిన వాళ్లలో ఒక పెద్దాయనే వచ్చి గుంత తవ్వాడు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆమె ఏడవలేదు. గట్టి గుండె అని మా ఆయనతో మెచ్చుకున్నాను కూడా.

వాళ్లు ఊరు విడిచిపోలేదు. ఆమె ప్రతి ఆదివారం వచ్చి వెనక కూర్చునేది. ఎప్పుడూ లేవలేదు. ప్యాకింగు పనిలో చేరి, పక్క గదుల ఆడవాళ్లతో తిరిగి, ఏడాదికల్లా మా యాసే పట్టేసింది.

మరుసటి ఏడాది క్రిస్మస్‌కు ముందు రోజు వంటకు ఎల్లిగడ్డలు ఒలుస్తున్నాం, ఇద్దరమే. మాటల్లో మాటగా అడిగాను.

"ఆ దినం సాక్ష్యాలప్పుడు లేచి నిలబడ్డవు గదా బిడ్డా, ఏం చెప్దామనుకున్నవ్?"

ఆమె చెయ్యి ఆగింది. "మీరు చుప్ అన్నరు గదమ్మా."

"నేనెప్పుడన్ననే? పిల్లలనన్న. నిన్ను చెప్పమన్న."

"తెలుగు వచ్చినంక సమజైంది. ఆ దినం నాకు మీ చెప్పు గూడ చుప్ లెక్కనే వినపడ్డది. పిల్లలనన్నరు. ఎనుకనే నన్ను మూడుసార్లు అన్నరు."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నా నోరు జారనైనా లేదు. మంచి మాటే అన్నాను, దాంతోనే ఆమె నోరు మూయించాను.

"ఎరుకైనంక నాకెందుకు చెప్పలేదే?"

"బిడ్డను మీ చేతులతోని కడిగిన్రు. ఎట్ల చెప్పాలె?"

అక్కడితో ఊరుకోవాల్సింది. నేను ఊరుకునే మనిషినైతే కదా. ఆ రోజు ఏం చెప్పాలనుకున్నదో మళ్లీ అడిగాను.

"దవాఖానకు తీస్కపొమ్మందామని. బిడ్డ జర తక్కువ కదులుతున్నదని. ఇంటికి పోయి మా ఆయనకు చెప్పిన. పాస్టరమ్మ చుప్ అన్నదంటే, ఈ దిక్కు గిట్లాంటివి అందరిల అడగరేమో, రెండు దినాలు చూద్దామన్నడు." ఎల్లిగడ్డ పొట్టు పక్కకు నెట్టి, "ఆదివారం ఇంకా కదులుతుండెనమ్మా," అంది.

అయ్యో దేవా, అన్నాను. ఆ రోజే తీసుకుపోతే బిడ్డ బతికేదో లేదో ఏ డాక్టరూ ఇప్పుడు చెప్పలేరు. నాకు మాత్రం బతికేదనే అనిపిస్తుంది. "నన్ను క్షమించు బిడ్డా" అని ఆమె చేతులు పట్టుకున్నాను. ఎదుటివాళ్లను క్షమించమని ఎన్ని ఇళ్లల్లో బోధించానో లెక్కలేదు. అబద్ధమెందుకు, 'పర్వాలేదమ్మా' అని ఆమె వెంటనే అనేస్తుందని లోపల ఆశపడ్డాను.

ఆమె చేతులు వెనక్కి తీసుకోలేదు. నా మొహంలోకి మాత్రం చూడలేదు.

"ఇంకా కాలేదమ్మా," అంది. "నాతోని అయ్యేటట్టు చెయ్యమని రోజూ దేవుని అడుగుతున్న. ఇంకా కాలేదు."

మరునాడు పండుగకు వచ్చింది. అందరికీ అన్నం వడ్డించింది, నాకు కూడా. ఆ తర్వాత ఎన్నో ఆదివారాలు గడిచాయి. నేను మళ్లీ అడగలేదు.