స్త్రీలకు ప్రత్యేక స్థలము కలదు

దొడ్డి తడిక తీయకముందే ఒక వాక్యం రాయాలి. అది బయమ్మ పెట్టుకున్న నియమం. తెల్లవారుతుండగా లేచి, మొహం కడుక్కొని, తూర్పుకు తిరిగి దండం పెట్టుకొని, గొర్రెల దొడ్డి ముందున్న బండ మీద కూర్చునేది. ఒళ్లో ఒక చెక్క, చెక్క మీద సినిమా నోటీసు ముక్క, చేతిలో వేలెడు పెన్సిలు. లోపల గొర్రెలు అరుస్తుండేవి. "ఉండండే, అయిపోవచ్చె" అని వాటికి చెప్పుకుంటూ రాసేది. వాక్యానికి చుక్క పెట్టాకే తడిక తీసేది. ఆ చుక్క కోసం గొర్రెలు కూడా కాచుకొని ఉంటాయని మా ఊళ్లో వేళాకోళం చేసేవారు.

ఇవాళ ఆమె కథలు వారపత్రికల్లో వస్తున్నాయి. రెండు నవలలు అచ్చయ్యాయి. ఆ రాతే ఆమెకు జీవనం. సంతోషం. కాని మొన్న, ఈ 1967 ఉగాదికి, ముదిగుబ్బలో ఆమెకు సన్మానం చేస్తూ ఒక పెద్దమనిషి వేదిక మీద ఏమన్నాడో తెలుసా? "సినిమా టెంటు మేనేజరు శ్రీరంగప్పగారు చేయి పట్టుకొని నడిపించకపోతే ఈ బయమ్మ ఇంకా గొర్రెలు కాసుకుంటూ ఉండేది" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఎవరినీ నొప్పించి మాట్లాడే అలవాటు నాకు లేదు. అయినా కదిరి నరసింహస్వామి మీద ఆన పెట్టి చెబుతున్నాను, ఆ మాట అబద్ధం. బయమ్మ వాళ్ల దొడ్డికి, మా వాకిలికి నడుమ ఒక్క కంచె. జరిగిందంతా ఆ కంచె మీదుగా చూసినదాన్ని. అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

ముదిగుబ్బ సంత మైదానంలో టూరింగు టాకీసు టెంటు వేసిన ఏడు, అంటే 1951లో, బయమ్మకు పదేళ్లు. వాన మొహం చాటేసిన ఏడు అది. ఎద్దులబండికి రెండు పక్కలా బొమ్మల తడికలు కట్టి, తప్పెట కొట్టుకుంటూ మా ఊరికి వచ్చి నోటీసులు చల్లేవారు. పచ్చవి, గులాబీవి, ఊదావి. పిల్లలందరూ బండి వెంట పడి ఎగబడేవారు. బయమ్మ బండి పోయాక వచ్చేది. తొక్కి పడేసినవాటిని ఏరుకొని, దుమ్ము దులిపి, ముడతలు సాపు చేసుకునేది. వాటికి ఒక పక్కే అచ్చు, రెండో పక్క ఖాళీ. ఆ ఇంట్లో ఆమెకు దొరికిన కాగితం అదొక్కటే.

టెంటుకు మాత్రం ఆమెను వాళ్ల నాయన ఆంజినప్ప పంపేవాడు కాదు. "ఆడబిడ్డకు టెంటులో ఏం పనిమే? నువ్వు పోతే గొర్రెలు ఎవురు కాసేది?" అనేవాడు. అదే నాయన దారిలో నోటీసు కనిపిస్తే తలగుడ్డలో దోపుకొని తెచ్చి, ఏమీ ఎరగనట్టు ఆ బండ మీద పెట్టి పోయేవాడు. అంగడి చౌడప్ప పొట్లాల కోసం పాత కాగితాలు తెప్పించేవాడు. అందులో సినిమా పాటల పుస్తకం కనబడితే చింపేవాడు కాదు. బెల్లం డబ్బా వెనక దాచి, "బయమ్మా, నీ సరుకు వచ్చుండాది, రా" అని కేకేసేవాడు.

ఆ పుస్తకాల్లో పాటలకు ముందు కథ వేసేవారు. కథ మంచి పట్టులో ఉండగా ఆగిపోయేది. కింద "తక్కినది తెరపై చూడండి" అని ఉండేది. తెర చూసే రాత లేని పిల్ల ఏం చేయాలి? తక్కినది తానే కల్పించుకుంది. నోటీసుల వెనక రాసుకుంది. బయమ్మ రచన అక్కడ మొదలైంది. అప్పటికి శ్రీరంగప్ప ఆమె మొహమైనా చూసి ఉండలేదు!

విత్తనానికి శెనక్కాయలు ఒలిచే రోజుల్లో ఆడవాళ్లమంతా ఒక అరుగు మీద చేరేవాళ్లం. వేళ్లు కాయల మీద, చెవులు బయమ్మ మీద. ఆమెకు పదిహేడేళ్లప్పుడు టెంటుకు ఒక సినిమా బొమ్మ వచ్చింది. కరువులో అత్త కోడలిని ఇంట్లోంచి గెంటేస్తుంది. కోడలు ఎక్కడో బావి పక్కన గుడిసె వేసుకుంటుంది. మొగుడు వెతుక్కుంటూ వస్తాడు. తక్కినది తెరపై. బయమ్మ చెప్పిన తక్కినదాంట్లో ఆ కోడలు వెనక్కి పోదు. "నువ్వే ఈడికి రా. బావిలో నీళ్లుండాయి. ఇద్దరం తోడుకుందాం" అంటుంది మొగుడితో. అది విని మా ఎదురింటి గంగక్క చాలాసేపు ఒక్క కాయ కూడా ఒలవలేదు.

ఆ వారమే గంగక్క నలుగురిని వెంటబెట్టుకొని టెంటుకు పోయింది. తెర మీద కోడలు మొగుడి కాళ్ల మీద పడి, లేని తప్పు ఒప్పుకొని, అత్తింటికి పోయింది. మరునాడు పొద్దున్నే గంగక్క మళ్లీ ముదిగుబ్బకు పోయి, పళ్లు తోముకుంటున్న శ్రీరంగప్పను టెంటు ముందు నిలబెట్టింది.

"ఏమప్పా, కడపటి రీలు యాడ దాచినావు?"

"యా రీలు? అంతా ఏసినాం కదమ్మా."

"ఏసినావులే! బావికాడి రీలు యాడ? 'నువ్వే ఈడికి రా' అని కోడలు అనేది యాడ? పల్లెటూరోళ్లం, మాకేం తెలుస్తాదిలే అని కోసినావా?"

"ఆ బొమ్మలో అట్లాంటిది లేదు తల్లీ!"

"మా బయమ్మ చెప్పింది. ఆ బిడ్డ అబద్ధమాడదు. నీ డబ్బాలు తెరిచి సూపీ!"

శ్రీరంగప్ప డబ్బాలన్నీ తెరిచి చూపినా గంగక్క నమ్మలేదు. తొందరగా ఆట ముగించడానికి టెంటువాళ్లు రీళ్లు ఎగ్గొట్టడం అందరికీ తెలిసిన సంగతే. "అయితే కడపట్లో తప్పు తీసినారు. మా బయమ్మను అడిగి తీయాల్సింది" అని తీర్పు చెప్పి గంగక్క ఇంటికి వచ్చింది.

అదుగో, అప్పుడు వచ్చాడు శ్రీరంగప్ప మా ఊరికి. జనాన్ని అంతగా నమ్మించే బయమ్మ ఎవరో చూడటానికి వచ్చాడు. నోటీసుల మీద వేసే కథాసంగ్రహం ఆమె చేత రాయించుకున్నాడు. టెంటు నిండింది. ఎద్దులబండి నుంచి తన మాటలు గాలికి ఎగిరి పడుతుంటే బయమ్మ దొడ్డి బండ ఎక్కి చూసేది. మూడేళ్లు అట్లా రాసింది. తర్వాత ఒకరోజు ఆయనే అన్నాడు:

"సొంత కథలుంటే ఇయ్‌మా. అనంతపురంలో పత్రికోళ్లు నాకు బాగా తెలుసు."

బయమ్మ ఒక కథ ఇచ్చింది. ఒక్కో నోటీసును నాలుగు ముక్కలు చేసి, వెనకవైపు రాసి, వరుస తప్పకుండా దారంతో కుట్టి ఇచ్చింది. నెలలు గడిచాయి.

"నా కత ఏమాయె అన్నా?"

"యాడమ్మా! నీ బాస మోటుగా ఉండాదంట. చింపి పారేసినారంట."

ఆ తర్వాత కొన్నాళ్లు బయమ్మ తెల్లవారి లేచి, దండం పెట్టుకొని, నేరుగా తడిక తీసేది. బండ మీద కూర్చోలేదు. గొర్రెలు మాత్రం అలవాటుగా కాసేపు లోపలే నిలబడేవి.

ఆ ఏడు శ్రావణంలో చౌడప్ప అంగడి వాకిలి తీసిపెట్టి, కాళ్లకు చెప్పులు కూడా లేకుండా దొడ్డి దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో పొట్లాల కాగితాల్లోంచి లాగిన ఉగాది ప్రత్యేక సంచిక.

"బయమ్మా, ఇది నీ గొర్రే కదా? చెవి తెగిన గొర్రె, మనిషి ఏడిస్తే కొంగు నమిలేది?"

బయమ్మ గొర్రే. బయమ్మ కథే. పైన మాత్రం "రచన: శ్రీ శ్రీరంగప్ప". "ఉండాది" అన్నచోటల్లా "ఉన్నది" అని దిద్దారు. ఆ కథలో మొగుడు పోయిన ఒక ఆడకూతురు పుట్టింటికి వచ్చి, అన్నదమ్ములను "నాకు ఈ ఇంట్లో చోటు ఎక్కడున్నది?" అని అడుగుతుంది. దాని కింద, విడిగా ఒక వరుసలో ఇట్లా ఉంది:

"స్త్రీలకు ప్రత్యేక స్థలము కలదు."

బయమ్మ ఆ వరుసను మూడుసార్లు చదివింది. "ఇది నేను రాయలేదే" అంది. తర్వాత ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టింది.

"అక్కా, ఇది నోటీసులోదే! అడుగున ఉండేది! ముక్కను తిప్పి ఆ పక్కది కూడా అచ్చేసినారు!"

ప్రతి సినిమా నోటీసుకూ అడుగున ఉండే వరుస అది. టెంటులో ఆడవాళ్లు వేరుగా కూర్చోవచ్చని దాని అర్థం. శ్రీరంగప్ప ఆ కథను తన చేత్తో తిరిగి రాసుకోలేదన్నమాట. ఆమె నోటీసు ముక్కలే, పైన తన పేరు తగిలించి, పంపేశాడు. ఒక ఆడపిల్ల ఏడాది పొడుగునా రోజుకొక వాక్యం చొప్పున రాసుకున్నదాన్ని ఎత్తుకుపోయేవాడు, కనీసం ఒక పూట కూర్చుని నకలు తీసే కష్టమైనా పడకూడదా? దొంగతనం కంటే ఆ నిర్లక్ష్యమే నన్ను ఇప్పటికీ మండిస్తుంది.

మరునాడు ఇద్దరం బత్తలపల్లి మీదుగా అనంతపురం బస్సెక్కాం. ఎవరో ముసలాయన తన మూటను ఒళ్లోకి తీసుకొని మాకు చోటిచ్చాడు. పత్రికాఫీసులో సంపాదకుడు మర్యాదగానే కూర్చోమన్నాడు. ఏ కథ గురించి వచ్చామో చెప్పగానే ఆయన మొహం వెలిగింది.

"ఆ ఒక్క వాక్యానికి ఎన్ని ఉత్తరాలు వచ్చాయో తెలుసా అమ్మా? ఏం వ్యంగ్యం! శ్రీరంగప్పగారు దిట్ట."

"అది ఆయన రాయలేదు సార్, నేనూ రాయలేదు. మీ ప్రెస్సు రాసింది. తక్కిందంతా నేను రాసినాను" అంది బయమ్మ.

ఆయన నమ్మలేదు. కంపోజిటరు బయ్యన్నను పిలిచి రాతప్రతి తెమ్మన్నాడు. అచ్చయిన రాతలన్నీ అక్కడ ఒక తీగకు గుచ్చి ఉంచుతారు. బయ్యన్న దుమ్ము దులిపి తెచ్చాడు. పచ్చ ముక్కలు, గులాబీ ముక్కలు. బయమ్మ బల్ల మీది పెన్సిలు తీసుకొని, అందులోని మొదటి వాక్యాన్ని చూడకుండా రాసి పక్కన పెట్టింది. ఒకటే చేతిరాత. బయ్యన్న తల గోక్కున్నాడు.

"తప్పు నాదే సార్. చోటు యాడుండాది అని అడిగింది గదా. ముక్క తిప్పితే జవాబు అచ్చులో కనబడె. బాగుండాదే అని పెట్టేసినా."

సవరణ వేస్తే పత్రిక పరువు పోతుందన్నాడు సంపాదకుడు. పరువనేది పత్రికకే ఉంటుందా? ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది, పిరికిదాన్ని, మింగేశాను. బయమ్మ సంచిలోంచి ఇంకో కథ తీసి ఇచ్చింది. ఆయన నాలుగు ముక్కలు చదివి, వేస్తానన్నాడు.

"కాని అమ్మా, బయమ్మ అంటే ఎవరు చదువుతారు? కుమారి మంజులత అని వేద్దాం. నీ మేలుకే చెబుతున్నా. ఆ ఉండాదిలు కూడా తీసేద్దాం" అని మొదటి ముక్క మీద ఎర్ర సిరాతో ఆ పేరు రాసి, "అక్కడ కంపోజింగులో ఇచ్చి వెళ్లు" అన్నాడు.

ఒకడు ఆమె కథ తీసుకున్నాడు, ఇంకొకడు ఆమె పేరు తీసుకుంటున్నాడు. ఇద్దరూ మేలు చేస్తున్నామనే అన్నారు!

బయమ్మ ముక్కలు తీసుకొని వెనక గదిలోకి నడిచింది, నేను వెనకాలే. సీసం అక్షరాల గళ్ల ముందు నిలబడి ఉన్న బయ్యన్న మమ్మల్ని చూసి, భుజం మీది తువ్వాలుతో స్టూలు తుడిచి, కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచి ఇచ్చాడు. బయమ్మ నీళ్లు తాగి, ముక్కలు అతని చేతిలో పెట్టింది.

"అన్నా, ఆ పొద్దు తెలీక ఒక తప్పు చేసినావు. నాకు మేలే జరిగె. ఈ పొద్దు తెలిసి ఒక తప్పు చేస్తావా?"

"ఏం తప్పుమా?"

"ఆ ఎర్ర సిరా నీకు కనపల్లేదనుకో. దాని కింద పెన్సిలుతో ఉండాదే, అది పెట్టు. ఉండాదిని ఉండాది అనే పెట్టు."

బయ్యన్న సంపాదకుడి గది వైపు చూశాడు. గళ్ల మీద అతని చేయి ఆగిపోయింది.

"నీ పేరు మొదట్లో ఉండే రెండు అచ్చరాలే కదన్నా నావీ" అంది బయమ్మ. "నీకు పెట్టుకున్నట్టే నాకూ పెట్టు."