గాలిమరలకు లైటు వేసుకుంటూ గుమ్మఘట్ట దాకా

కారు హెడ్‌లైట్లకు ఎల్‌ఈడీ బల్బులు ఇంటి దగ్గరే బిగించి, అవి బాగా వెలుగుతున్నాయో లేదో మిట్టమధ్యాహ్నం ధర్మవరం ఎండలో పరీక్షించిన మనిషిని నేను. నా తెలివి గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు. హెడ్‌లైటు మార్చాను గానీ హెడ్డులోని లైటు పాతదే. అయినా ఆ బల్బులతోనే గుమ్మఘట్టకు పెళ్లి చీర మోసుకుపోయాం కాబట్టి, అటు వెళ్లేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

గుమ్మఘట్టలో మా అక్క కూతురు శైలజ పెళ్లి. మేనమామ తెచ్చిన చీర కడితే గానీ పెళ్లికూతురికి పసుపు రాయరు. మరుసటి రోజు ముహూర్తం. ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరకల్లా మేం అక్కడ ఉండాలి. నేనూ నా భార్య లక్ష్మీదేవీ మా మగ్గం మీదే నేసిన చీర అది. ఆ మధ్యాహ్నానికి కొంగు కుచ్చులు ఇంకా మిగిలాయి, అంటే చీకట్లో ప్రయాణం తప్పదు. నా కారు లైట్లేమో ముసలి మనిషి చూపులా మసకబారి, ఎదర ఉన్నది గుంటో గొర్రో తేల్చి చెప్పడం మానేశాయి.

ఆ సంగతి మా బావకు తెలుసు. పొద్దున్నే ఫోన్ చేశాడు. "ఏమప్పా బామ్మర్దీ, నీ కారును పుట్టపర్తి కండ్లాసుపత్రికి తీసుకపోయి కండ్లు చూపిచ్చినావా లేదా? లేకుంటే బస్సుకు రా. చీరన్నా టయానికి చేరుతాది."

ఆ మాట గుచ్చుకుంది. బజారుకు వెళ్లి ఎల్‌ఈడీ బల్బుల జత తెచ్చాను. లక్ష్మి అరుగు మీద కుచ్చులు ముడివేస్తుంటే నేను వాకిట్లో బానెట్ ఎత్తాను. రబ్బరు తొడుగు లాగి, తీగ క్లిప్పు నొక్కితే పాత బల్బు చేతికొచ్చింది. కొత్త బల్బుకు నడుమున వడ్డాణం లాంటి రింగు ఉంది. అది తిప్పితే బల్బు ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. దీపానికి ఒక పక్క చిన్న గొడుగు లాంటి రేకు. రోడ్డు ఉండేది కిందే కదా, వెలుగు కిందికే పడాలి కదా అని, గొడుగు పైకి వచ్చేలా తిప్పి బిగించాను. స్విచ్ వేస్తే పాలనురుగులా వెలిగాయి. ఎండలో కూడా వెలుగుతున్నాయంటే ఇంక చీకట్లో చెప్పాలా అనుకున్నాను.

సాయంత్రం ఐదున్నరకు బయలుదేరాం. బస్సులో వెళ్లేవాళ్లు కళ్యాణదుర్గంలో ఒకసారి, రాయదుర్గంలో ఒకసారి మారాలి. సొంత బండికి దారి మంచిదే, అక్కడక్కడా గుంటలున్నాయి. ఎక్కడెక్కడ అని అడగకండి, నాకు ఒక్కటీ కనబడలేదు, తగిలాయి అంతే.

పొద్దు గూకాక లైట్లు వేశాను. అప్పటినుంచి మొదలైంది అయోమయం. ఎదురుగా వచ్చే ప్రతి లారీ నాకు లైటు కొట్టి ఆర్పుతోంది. కొత్త లైట్లు చూసి ముచ్చటపడుతున్నారనుకుని నేనూ చెయ్యెత్తి ఊపాను.

"ఎవురు వాళ్లంతా? మీకు ఇంతమంది తెలుసునా?" అంది లక్ష్మి, ఒళ్లో చీర పెట్టె సర్దుకుంటూ.

ముందు పోలీసులున్నారని సైగేమో అని బెల్టు పెట్టుకున్నాను. పోలీసులు లేరు. డిక్కీ తెరుచుకుందేమో అని దిగి చూశాను. మూసే ఉంది. విచిత్రమేమిటంటే రోడ్డు మాత్రం చీకటిగానే ఉంది. వేపచెట్ల చిటారు కొమ్మలు ధగధగలాడుతున్నాయి. ఒక మలుపులో కొండ మీది గాలిమర రెక్క తెల్లగా మెరిసి తిరిగింది.

"పిట్టలు లేచినాయి చూడండి. తెల్లారిందనుకున్నాయేమో పాపం" అంది లక్ష్మి.

ఒక పల్లెలో టీ కోసం ఆగబోతే, అంగడి ముందు కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. పంచె కట్టిన పెద్దాయన ఒకరు అద్దం దగ్గరికి వచ్చారు.

"సారు ఎనక బండిలో ఉండాడా అన్నా?"

"ఏ సారు?"

"ఏ సారైతే ఏమిలే. బోర్లు ఎండిపోయినాయి, ట్యాంకరు రాలేదు అని జెప్పల్ల."

"మాది పెళ్లికి పోయే కారు పెద్దాయనా. చీర తీసుకుపోతున్నాం."

ఆయన కారును ముందు నుంచి వెనక దాకా చూశారు. "ఇంత తెల్ల లైటు ఏసుకోని మా ఊర్లోకి వచ్చేది నాయకుల బండ్లేనప్పా. ముందే జెప్పకూడదా? మోకాళ్ల నొప్పితో లేచినా!"

అందరూ కూర్చున్నారు. లేచినంత గౌరవంగా మాత్రం కూర్చోలేదు. టీ బాగుంది.

ఏడుంపావుకు కళ్యాణదుర్గం. బస్టాండు దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పొట్లం కట్టించుకున్నాం. అటు వెళ్తే తప్పకుండా తినండి. తింటుండగానే అక్క ఫోన్. "యాడుండార్రా? ముత్తయిదువులంతా పసుపు కలుపుకోని కూర్చోనుండారు. బిరీన రాండి."

బావ ఫోన్ లాక్కున్నాడు. "బామ్మర్దీ, ఈ రాత్రికి పెద్దాయన వస్తానన్నాడు. నేను మాల పట్టుకోని నిలబడుండా. నీ గుడ్డి కారును పందిరి ముందర నిలపాకు. ఎనక దిబ్బ కాడ పెట్టుకో."

పెద్దాయనంటే అక్కడి నాయకుడొకరు. ఎవరి పెళ్లికి వస్తానన్నా, రాకపోయినా, మాల మాత్రం సిద్ధంగా ఉండాలి.

రాయదుర్గం దారిలో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నవ్వు రాదు. జొన్నసొప్ప మోపు కట్టుకుని ఎదురుగా మోపెడ్ మీద వస్తున్న మనిషి, మా లైటు పడగానే అటూ ఇటూ ఊగి రోడ్డు దిగిపోయి పడ్డాడు. కారు ఆపి దిగాను. పరుగెత్తాను. సొప్ప మోపు మీదే పడటంతో దెబ్బ తగల్లేదు.

"కండ్లు పెరికేస్తాండావు గదప్పా! ఎవురి పెండ్లికి పోతాండావ్?"

"మేనకోడలి పెళ్లికే" అన్నాను, ఇంకేం తోచక.

ఆయన నన్ను చెయ్యి పట్టి తీసుకెళ్లి నా కారు ముందే నిలబెట్టాడు. "ఇప్పుడు జెప్పు. నీ ఎలుగు దావ మీద ఉండాదా, మొగం మీద ఉండాదా?"

నాకు ఏమీ కనబడలేదు. అంటే, మొదటిసారి అంతా కనబడింది. లారీలవాళ్లు ఇంతసేపూ నన్ను తిట్టారన్నమాట. నేను చెయ్యి ఊపాను.

పక్కనే పంపుసెట్టు గది ఉంటే కారు దాని గోడకేసి తిప్పాం. వెలుగు గోడ దాటి కప్పు మీదుగా ఆకాశంలోకి పోతోంది. నేను గొడుగు, రోడ్డు, కింద, పైన అని గొణుగుతుంటే లక్ష్మి అంది, "మగ్గం మీద చీర మంచి ముఖం కిందికి ఉంటాదని అడుగున అద్దం పెట్టి చూస్తాం కదా. ఈ బుడ్డి ఎనక ఉండేదీ అద్దమే కదా? మీరు కిందికి చూపిస్తే అది పైకే కదా విసిరేది!"

ముప్పై ఏళ్లుగా బోర్లా నేస్తున్నవాణ్ణి, ఇక్కడ బోల్తా పడ్డాను. మోపెడ్ ఆయన బానెట్ పట్టుకున్నాడు, లక్ష్మి సెల్‌ఫోన్ లైటు చూపింది. వడ్డాణాలు రెండూ సగం చుట్టు తిప్పి, గొడుగు అడుగుకు తెచ్చాను. స్విచ్ వేస్తే వెలుగు గోడ మీద మోకాలెత్తున ఆగింది, పైన సన్నటి గీత, చీర అంచు లాగా. మీరూ మారుస్తుంటే మునిచీకట్లో గోడ ముందు పెట్టి చూడండి. సూర్యుడితో పందెం వేయకండి.

ఆయన సొప్ప సర్దుకుని, "పోయిరాండి, పాపకు మంచి జరగల్ల" అన్నాడు. ఎనిమిదీ ఇరవైకి గుమ్మఘట్ట చేరాం. శైలజ ఆ చీర కట్టుకుని పీట మీద కూర్చుంది. అక్క చీర అంచు రెండుసార్లు తడిమి, నా వైపు చూసి కళ్లు తుడుచుకుంది. పసుపు రాశారు.

పెళ్లయ్యాక మరునాడు సాయంత్రం తిరుగు ప్రయాణం. రోడ్డు కనబడింది, గుంటలు కూడా. ఎదుటి లారీ ఒక్కటీ లైటు కొట్టలేదు. కాస్త వెలితిగానే అనిపించింది. టీ అంగడి పెద్దాయన మమ్మల్ని చూసి కూర్చున్నచోటే చెయ్యెత్తారు. "మీరేనా? లెయ్యను" అన్నారు. ఈ దారి మొత్తం మీద నాకు దక్కిన మర్యాదల్లో అసలైనది అదే అనిపించింది.

మా కారు అద్దానికి వేలాడుతున్న వాడిన బంతిపూల మాల సంగతి చెప్పలేదు కదూ.

చీర తీసుకుని వెళ్లిన ఆ రాత్రి గుమ్మఘట్ట సందు మొదట్లో ఆగాం. ఎదురుగా బండి లేదు, మనిషి లేడు. సందు చివర పందిరి, దాని ముందు తెల్లచొక్కాలో మాల పట్టుకుని బావ. నా చెయ్యి హైబీమ్ లైటు మీటను తాకింది.

"వద్దులెండి పాపం" అంది లక్ష్మి. తర్వాత, "ఒక్కసారే" అంది.

వేశాను. పందిరంతా పట్టపగలైంది. తప్పెట్లు మోగాయి. బావ కళ్లు చిట్లించుకుని, తల వంచుకుని, పరుగులాంటి నడకతో వచ్చాడు. నేను నెమ్మదిగా తలుపు తీసి దిగి, మెడ వంచాను.

"దయచేయండి సార్, మా భాగ్యం సార్" అంటూ మాల వేశాడు.

లైటు ఆర్పి అడిగాను, "బాగుండావా బావా? దిబ్బ యాడుండాది?"